కానుగ నూనె ఇంజన్ చూడటానికి జైనూర్ కొండల్లోకి

"చెట్ల మేడం ఇంకా ఉన్నదా?" అని అడిగిందట ఆమె.

ఆ మాట నాకు చేరవేసింది శ్రీలత. కరీంనగర్‌లో జూనియర్ కాలేజీలో నేను వృక్షశాస్త్రం చెప్పినప్పుడు నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు జైనూర్ దగ్గర నర్సు. మే నెలలో ఒక పెళ్ళిలో కలిసి, తాను తిరిగే ఊళ్ళ సంగతులు చెబుతూ, "ఒక గూడెంల ఆడోళ్ళు కానుగ నూనెతోటి ఇంజన్ నడుపుతరు మేడం. అండ్ల రాజుబాయి అని ఒకామె మీ గురించి అడిగింది" అంది.

నవ్వి ఊరుకున్నాను గాని, ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. పదిహేనేళ్ళు దాటింది ఆ ఊరికి నేను వెళ్ళి. అప్పట్లో ఎక్కడ విన్నా అడవి ఆముదం మాటే. బీడు భూమిలో పెరుగుతుంది, నీళ్ళు అడగదు, పశువులు ముట్టవు, గింజల నుంచి డీజిల్ వస్తుంది అన్నారు. తెలిసిన మనిషినని నన్ను జీపులో ఎక్కించుకుని గూడేల వెంట తిప్పారు. మైకు పట్టుకుని చెప్పాను. జనం విన్నారు, మొక్కలు పెట్టారు. గింజలు కొంటామన్న కంపెనీ కొన్నాళ్ళకు ఎత్తేశారని పేపర్లో చదివాను. చదివి పేజీ తిప్పేశాను. మళ్ళీ అటు తొంగి చూడలేదు.

రాజుబాయి అడిగిందంటే నాలుగు మాటలు అనడానికే అనుకున్నాను. అయినా జూన్ మొదటి వారంలో బయల్దేరాను.

పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇచ్చింది. రాయపట్నం వంతెన మీద గోదావరి ఇసుకలో సన్నగా పారుతోంది. ఎనిమిదిన్నరకు మంచిర్యాల. స్టేషన్ ఎదురుగా బండి మీద ఇడ్లీ బాగుంది, చట్నీ కారం. తొమ్మిది దాటాక రైలు వచ్చింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు రైలు వేళలు ముందురోజే కనుక్కోవడం మంచిది, తరచూ మారుతున్నాయి.

పక్కన కూర్చున్న పెద్దమనిషి మందమర్రిలో దిగాల్సినవాడు. గనిలో పనిచేసి రిటైరయ్యాడట. ఎక్కడికని అడిగితే కానుగ నూనె ఇంజన్ సంగతి చెప్పాను. ఆయన అన్నాడు: "నేను ముప్పై ఏండ్లు భూమి లోపటికి దిగి బొగ్గు తవ్విన. గది గూడ ఎప్పటిదో చెట్టేనంటరు గద మేడం. వాళ్ళు మీదనే ఏరుకుంటుండ్రు. నయమే." మందమర్రి రాగానే సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు. కిటికీలోంచి బొగ్గు వ్యాగన్ల వరుస ఎంతసేపటికీ తెగలేదు.

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగి, ఆటోలో ఊళ్ళోకి వెళ్ళి, పదకొండున్నరకు జైనూర్ బస్సు పట్టుకున్నాను. బస్సు కెరమెరి ఘాట్ ఎక్కింది. మలుపు తిరిగిన ప్రతిసారీ కింద లోయ ఇంకాస్త లోతుగా, కొండలు ఇంకాస్త నీలంగా కనబడ్డాయి. తొలకరికి టేకు చెట్లు అప్పుడప్పుడే చిగురు పెడుతున్నాయి. రెండు చోట్ల దారికి అడ్డంగా కొమ్మలు విరిగి పడ్డాయి. డ్రైవరూ ఇద్దరు ప్రయాణికులూ దిగి లాగేశారు.

"మొన్న గాలిదుమారం వచ్చింది," వెనక సీట్లోని ఆమె చెప్పింది. "మా దిక్కు కరెంట్ స్తంభాలు పడిపోయినయి. రెండు దినాలాయె, నల్లా వస్తలేదు."

రెండు గంటలకు జైనూర్‌లో శ్రీలత స్కూటీతో ఎదురుచూస్తోంది. అక్కడి నుంచి ఊరికి అరగంట. సగం దారి మట్టిరోడ్డు. స్కూటీ లేనివాళ్ళకు జీపులు దొరుకుతాయి గాని, నిండేదాకా కదలవు.

ఊరి మొదట్లోనే నీళ్ళ ట్యాంకు. దాని కింద ఖాళీ బిందెలు బారులు తీరి ఉన్నాయి. గాలిదుమారానికి ఇక్కడా కరెంటు పోయి బోరు ఆగిపోయింది. వాగు ఎండిపోయింది. బావిలో అడుగున మిగిలింది బురద. కట్టేసిన ఆవులు అరుస్తున్నాయి. పసిబిడ్డను ఎత్తుకున్న ఒక బాలింత, చెంబెడు నీళ్ళకు పక్కింటి గడపలో నిలబడింది.

ట్యాంకు పక్కన రేకుల షెడ్డు. అందులోంచి చేతులు తుడుచుకుంటూ ఒకామె బయటికి వచ్చింది. సన్నటి మనిషి, యాభై దాటి ఉండవు. ముంజేతుల నిండా పచ్చబొట్లు, వాటి మీద నల్లటి గ్రీజు. శ్రీలత పేరు చెప్పకముందే గుర్తుపట్టింది.

"రాం రాం, చెట్ల మేడం. మంచి దినమే వచ్చిండ్రు. జర కూసోండ్రి, పని ఉన్నది," అంది రాజుబాయి. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నేను కూర్చోలేదు. ఆమె వెనకే వెళ్ళాను.

లోపల ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్, దానికి బెల్టుతో జనరేటర్. పాతకాలంలో, ఊరికి కరెంటు రాకముందు, ఎవరో ఇంజనీర్లు తెచ్చి పెట్టిపోయారట. కరెంటు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటివి తుప్పు పట్టి పోయాయి. ఇది మాత్రం నిలిచింది. మూలన కానుగ కాయల కుప్ప. ఇద్దరు ఆడవాళ్ళు కట్టెలతో కాయలు కొట్టి గింజలు వేరు చేస్తున్నారు. ఇంకో మూల నూనె తీసే మిషన్. నాలుగు మడతలు వేసిన పాత చీరలోంచి నూనె చుక్కచుక్కగా డబ్బాలోకి వడుస్తోంది. చేదు వాసన.

రాజుబాయి ముందు చిన్న సీసాతో డీజిల్ పోసింది. "చల్లటి ఇంజన్ల కానుగ అంటుకోదు మేడం. ముందుగాల దీన్తోటి వేడి జెయ్యాలె." ఒకామె హ్యాండిల్ పట్టుకుని నడుం వంచి తిప్పింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఆగింది. మూడోసారి తిప్పిన ఆమె హ్యాండిల్ వదిలేసి గోడకు ఆనుకుంది. చలికాలం తర్వాత దీన్ని ముట్టుకోలేదట. బయట నుంచి ఎవరో, "ఉట్నూర్ నుంచి మిస్త్రీని పిలువుండ్రి, రేపొస్తడు" అన్నారు.

"రేపటిదాంక పసులు ఆగుతయా?" అంది రాజుబాయి. ఎవరినీ చూడకుండా, నూనె పైపు మీద అరచెయ్యి పెట్టి వేళ్ళతో తడుముతూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. ఫిల్టర్ విప్పింది. లోపల పాత నూనె పాకం లాగా గడ్డకట్టి ఉంది. గోటితో గీకి, డీజిల్‌తో కడిగి, నోటితో ఊది, మళ్ళీ బిగించింది. ఈసారి హ్యాండిల్ తనే పట్టుకుంది.

ఇంజన్ అందుకుంది. రేకులు అదిరాయి. పది నిమిషాలు ఆగి ఆమె డీజిల్ కట్టేసి కానుగ నూనె తిప్పింది. ఆ క్షణాన చప్పుడు మారింది. టకటకమంటున్నది కాస్త బరువుగా, గుండెలోంచి వస్తున్నట్టు అయింది. షెడ్డంతా ఎవరో బజ్జీలు వేయించినట్టు వాసన. బోరు మోటార్ స్విచ్ వేశారు. అందరం బయట ట్యాంకు పైపు వైపు చూస్తూ నిలబడ్డాం. ముందు గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రటి బురదనీళ్ళు. ఆ తర్వాత తెల్లగా, లావుగా, పైకి ఎగిసి పడుతూ నీళ్ళు.

ఎవరూ కేకలు వెయ్యలేదు. బిందెలు కదిలాయి, అంతే. బాలింతకు ముందు దారి ఇచ్చారు.

ముప్పై ఏళ్ళు నేను పాఠం చెప్పాను. ఆకు ఎండను పట్టుకుంటుంది, గింజలో నూనెగా దాచుకుంటుంది అని బోర్డు మీద బొమ్మలు గీశాను. పోయినేటి ఎండ భూమి లోపలి నీళ్ళను పైకి మోసుకురావడం మాత్రం అప్పుడే చూశాను. చెంపలు తడిశాయి. ట్యాంకు తుంపర అనుకుంటారని ధైర్యంగా నిలబడ్డాను.

సాయంత్రం ఐదింటికి తన ఇంటి ముందు మంచం వేసి, జొన్న రొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది రాజుబాయి. రెండు ముక్కలు తిన్నాక నేనే మొదలుపెట్టాను.

"ఆ రోజు అడవి ఆముదం పెట్టుమన్నది నేనే రాజుబాయీ."

"ఎర్కే," అంది. "మా ఆయన మారుతి ముంగటనే కూసున్నడు. మూడెకరాల జొన్న చేన్ల గవే పెట్టినం. మూడేండ్లు సూసినం. గింజ అయింది. కొనేటోడు రాలే. ఇంట్ల జొన్న లేకపాయె."

"మరి ఎట్ల బతికిండ్రు?"

"ఇటుక బట్టీకి పోయినం. మీ కరీంనగర్ పక్కనే. రెండేండ్లు ఉన్నం. గీ తెలుగు ఆడనే నేర్సిన."

ఆ రెండేళ్ళూ నేను అదే బట్టీల పక్క నుంచి కాలేజీకి వెళ్ళివచ్చాను. పొగ వస్తుందని బస్సు కిటికీ మూసేసేదాన్ని.

"మీరు చెప్పింది తప్పని అంటలేను మేడం," అంది ఆమె. "పెద్ద పెద్దోళ్ళే నమ్మిండ్రు. మళ్ళ ఒక్కసారి రాకపోతిరి, గదే మనసుకు పట్టింది. వచ్చి సూస్తే అయిపోతుండె. అందుకే అడిగిన, ఉన్నరా పోయిండ్రా అని."

చేతులు జోడించబోతే పట్టుకుని ఆపింది. గ్రీజు నా చేతికంటింది.

కాసేపటికి, ఆ చెట్లన్నీ పీకేశారా అని అడిగాను. ఆమె పకపకా నవ్వింది. "చేన్లయి పీకినం. గట్ల పొంటి కంచె ఉంచినం. పసులు ముట్టయని మీరే చెప్పిండ్రు గద. గదొక్కటి నిజం."

బట్టీ నుంచి తిరిగొచ్చాక ఆడవాళ్ళంతా కానుగ వైపు మళ్ళారట. "కానుగ మేం పెట్టలే. వాగు పొంటి తాతల కాలం నుంచి ఉన్నది. మా అవ్వ దీపానికి, గజ్జికి గా నూనెనే వాడేది. అది చేను అడగదు. మేం అన్నం తినే జాగ అడగదు," అంది. నూనె తీయగా మిగిలిన పిండి పత్తి చేలకు ఎరువు. అయితే కరెంటు ఉన్న రోజున ఇంజన్ జోలికి పోరు. ఒక్కో ఏడు పూత నిలవదు, కాయ తక్కువ. పడుచువాళ్ళు ఏరడానికి రావడం లేదని దిగులుపడింది. నేను మెచ్చుకోబోతే, "గింతే మేడం, ఎక్కువ జేసి చెప్పకుండ్రి" అంది.

ఆ రాత్రి జైనూర్‌లో శ్రీలత ఇంట్లో ఉన్నాను. తెలిసినవాళ్ళు లేకపోతే ఆసిఫాబాద్‌లో గది తీసుకోవడం మేలు. మర్నాడు ఏడింటి బస్సుకు ఘాట్ దిగి, మధ్యాహ్నానికి రైలెక్కాను, ఈసారి పెద్దపల్లి దాకా.

మంచిర్యాలలో ఎక్కిన ఒక రైతు ఎదురుగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మాటల్లో నేను చెట్ల చదువు చెప్పినదాన్నని తెలిసి ముందుకు జరిగాడు.

"మా దిక్కు మక్కలతోటి పెట్రోల్ల కలిపేది తీసే ఫ్యాక్టరీ వస్తదంటుండ్రు మేడం. వరి బంద్ జేసి మొత్తం మక్కనే ఎయ్యుమంటుండ్రు. మస్తు పరేషాన్ల ఉన్న. ఎయ్యచ్చునా?"

ఒకప్పుడైతే ఆయన మాట పూర్తికాకముందే జవాబు చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. కిటికీ బయట గోదావరి వంతెన దడదడమంటూ వెళ్ళిపోతోంది. అది దాటేదాకా ఆగాను.

"నాకు తెల్వదు తమ్మీ," అన్నాను. "తెలిసిన ఒకామె ఉన్నది. జైనూర్ అవతల. పేరు రాజుబాయి."

ఆయన జేబులోంచి రైలు టికెట్ తీసి, నా పెన్ను అడిగి, దాని వెనక రాసుకున్నాడు. ఆసిఫాబాద్ రోడ్‌లో దిగాలి, పదకొండున్నర బస్సు, అక్కడి నుంచి జీపు.

"పోయి ఏమని అడగాలె?"

"కొంటమన్నోళ్ళు రాకపోతే ఏం జేసిండ్రో అడుగు," అన్నాను.

అదీ రాసుకున్నాడు.