తీసేసిన రీలు

ఈ రోజు కొత్తవాడలో జంపఖానాలు నేసే రాజయ్యను బలవంతంగా మ్యాట్నీకి తీసుకుపోయాను. తమ్ముడితో అతనికి మాటల్లేక ఏడాది దాటింది. సర్దిచెప్పడం నాకు చేతకాదు. ఎవరూ పట్టించుకోని ఈ సినిమాలో పంతం పట్టిన ఒక అన్న, తమ్ముడి గుమ్మం ముందు చాలాసేపు నిలబడి, చివరికి తలుపు తడతాడు. మొన్న అది చూసినప్పుడే రాజయ్య గుర్తొచ్చాడు. నేను చెప్పలేనిది తెర చెబుతుందనుకున్నాను.

హాల్లో పదిమందిమి కూడా లేము. ఆ ఘట్టం రాకుండానే తెర మీద అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని భోంచేస్తూ కనిపించారు. ఆట అయ్యాక ఆపరేటర్‌ను అడిగాను.

"ఆ రీల్ల పాట లేదు, ఫైటింగ్ లేదు సార్. ఆయన ఉత్తగనే తలుపు కాడ నిలవడతాండు. జనం లేరు గదా, తీసేసిన. మీరు గూడ జర జల్ది ఇంటికి పోతరు" అన్నాడు.

బయట రాజయ్య బీడీ ముట్టించాడు. "సినిమా మంచిగనే ఉన్నది గని అన్నా, వాళ్ళు ఎట్ల కలిసిన్రో సమజ్ కాలె."

ఇద్దరం కొత్తవాడ దాకా నడిచాం. తమ్ముడి ఇంట్లో మగ్గం చప్పుడు వినిపిస్తుండగానే, రాజయ్య తల తిప్పకుండా ఆ గుమ్మం దాటిపోయాడు.

ఆ రీల్లో ఉన్నది నోటితో చెప్పడం మీలో ఎవరికైనా చేతనైతే, ఒకసారి కొత్తవాడకు రండి.