గోడ ఊఁ కొట్టదు

జవాబు తెలిసి కూడా ఇంటర్వ్యూలో తప్పడం కంటే కడుపు మండే సంగతి ఇంకొకటి ఉండదు. తెలియక తప్పితే ఏడ్చి ఊరుకోవచ్చు. తెలిసి తప్పితే ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియదు.

మేం తరాలుగా తమిళ నేల మీద ఉంటున్న తెలుగువాళ్లం. ఇక్కడి సింగానల్లూరులో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. వెతికేకొద్దీ, ఆ తప్పుల్లోంచి దొంగలు ఎలా దూరతారో చూడటం మీదికి మనసు పోయింది. సెక్యూరిటీ ఇంజినీరు కావాలని పట్టు పట్టాను. అంతలో ఆ కంపెనీయే మూతపడింది. ఇంట్లో కూర్చుని చదివాను. కొన్ని కంపెనీలు పిలిచాయి. పిలిచిన ప్రతి ఒక్కరూ చివరికి ఒకే మాట రాసి పంపారు: మీరు ఎలా ఆలోచిస్తున్నారో మాకు తెలియలేదు.

ఎలా తెలుస్తుంది? మా ఇళ్లలో పెద్దవాళ్లు ఏదైనా అడిగితే నోరు మూసుకుని ఆలోచించి, తేలిన మాట ఒక్కటే చెప్పాలి. సగం ఆలోచన బయటికి అంటే వాగుడు కిందికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ఇదంతా తిరగబడుతుంది. జవాబు ఒక్కటే చాలదు. ఇటు వెళ్తున్నాను, ఇది కుదరలేదు, వెనక్కి వస్తున్నాను అని అంతా పైకి చెబుతూ చేయాలి. నేను లోపల లోపల తేల్చుకుంటూ ఉంటే, అవతలివాళ్లు నేను బిగుసుకుపోయానని రాసుకున్నారు.

చిన్నాన్నకు లేత్ వర్క్‌షాప్ ఉంది. అందులో బిల్లులు రాసే సీటు ఖాళీ అయింది. ఒక సాయంత్రం వచ్చి మంచిగానే చెప్పాడు.

"పళనికి పోయొచ్చినాక నువ్వు వచ్చి ఆ సీట్లో కూచో కన్నూ. ఇంగ ఎన్నాళ్లు ఇంట్లో ఉండేది?"

కసురుకుని ఉంటే తగువు పెట్టుకునేదాన్ని. ప్రేమగా అడిగాడు కాబట్టి కాదనలేకపోయాను. పళని ప్రయాణానికి ముందు నాకు ఒక్క ఇంటర్వ్యూ మిగిలింది. అది కూడా పోతే నా బతుకంతా బిల్లుల సీటే అని గట్టిగా అనిపించింది. భయం వేసింది. భయం కంటే ఎక్కువ రోషం వచ్చింది.

మర్నాటి నుంచి పైకి ఆలోచించడం సాధన మొదలుపెట్టాను. అమ్మానాన్నలు పనికి వెళ్లాక వంటింటి గోడ ముందు నిలబడి, చేతులు తిప్పుతూ, గొంతెత్తి చెప్పేదాన్ని. నాన్నమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆమెను మేం అవ్వ అంటాం.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"ఎవురితోను లేదవ్వా. ఇంటర్వ్యూకి."

"ఇంటర్వ్యూకి గోడతో మాట్లాడేదా?"

 అవ్వ వెళ్లి పళని విభూతి తెచ్చి నా నుదుటి మీద దట్టంగా రుద్దింది. నేను విభూతితోనే కొనసాగించాను. మూడోపూట కూడా నా దయ్యం వదలకపోయేసరికి ఆమెకు విసుగొచ్చింది.

"మాట్లాడేదైతే నాతో మాట్లాడు. గోడ ఊఁ కొడతాదా?"

అలా మొదలైంది. ఆమె చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని, లాగిన్ అయినవాడు వేరేవాళ్ల కాగితాలు ఎలా చూడగలడో చెప్పేదాన్ని. ఆగిన చోటల్లా ఆమె ఊఁ అనేది. ఒప్పు చెప్పినా అదే ఊఁ, తప్పు చెప్పినా అదే ఊఁ. కథ చెప్పేవాళ్ల ముందు ఊఁ కొట్టకపోతే మర్యాద కాదని ఆమె నమ్మకం, అంతే. తప్పొప్పులు చూసుకోవాల్సింది నేనే. అయినా ఆ ఊఁ వినపడగానే ఆగిన నోరు మళ్లీ కదిలేది. ఇన్నాళ్లూ నాకు కరువైంది ఇదేనని అప్పుడు అర్థమైంది.

ఇంటర్వ్యూ రోజు ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఈవైపుకు రావొద్దని అవ్వకు గట్టిగా చెప్పాను. ఆన్‌లైన్లో అడుగుతున్నది ఒకాయన. తన కెమెరా వేయలేదు, మైకు కూడా మూసుకుని వింటున్నాడు. ప్రశ్న ఆసుపత్రి వెబ్‌సైట్ గురించి. ఒక రోగి ఇంకొకరి రిపోర్టు చూడగలుగుతున్నాడు, తప్పెక్కడుంది?

"లాగిన్ వల్ల మనిషి ఎవరో తెలుస్తుంది. ఈ రిపోర్టు ఆ మనిషిదేనా అన్నది వేరే ప్రశ్న. అది ఎవరూ అడగడం లేదేమో..." అంటూ ఆగాను.

తలుపు వెనక నుంచి వినపడింది. "ఊఁ."

అలవాటు ప్రకారం ముందుకు సాగిపోయాను. ఇంకోసారి ఆగాను. ఇంకో ఊఁ. అవతల మైకు తెరుచుకుంది.

"మీ పక్కన ఎవరున్నారు?"

 ఎవరో వెనక నుంచి జవాబులు అందిస్తున్నారని ఆయన అనుమానం. మా నాన్నమ్మ అన్నాను. చూపించమన్నాడు. లాప్‌టాప్ తిప్పాను. తలుపు వెనక అవ్వ, ఒళ్లో చాట, ఉల్లి ఘాటుకు ఎర్రబడ్డ కళ్లు. పెద్దమనిషి ఎవరో పలకరించడానికి వచ్చాడనుకుంది.

"వాంగ సామీ, సాప్టీంగళా?" రండి సామీ, భోజనం అయిందా అని తమిళంలో అడిగింది.

ఆయన నవ్వలేదు. ఆమెను బయటికి పంపి తలుపు గడియ పెట్టమన్నాడు, పాత ప్రశ్న పక్కన పెట్టి కొత్తది ఇచ్చాడు. వరసగా పాస్‌వర్డు తప్పు కొడుతున్నవాణ్ని పట్టుకునే ప్రోగ్రాము రాయాలి. మైకు మళ్లీ మూసుకుంది.

మొదలుపెట్టాను. ఏ కంప్యూటరు అడ్రసు నుంచి ఎన్ని తప్పులు వచ్చాయో లెక్క పెట్టుకుంటాను అన్నాను. అక్కడ ఆగాను. ఊఁ రాలేదు.  పాత అలవాటు నోరు మూసుకుని ఆలోచించు అంది. మూసుకుంటే బిల్లుల సీటు. అది నాకు వద్దు.

"ఊఁ" అని నేనే అన్నాను. పైకే అన్నాను.

"ఊఁ. కానీ ఈ లెక్క తప్పు. నిన్నటి తప్పును ఇవాళ్టితో కలిపితే మతిమరుపు మనిషి కూడా దొంగైపోతాడు. కాబట్టి పాతవి తీసేస్తూ పోవాలి, దగ్గరి కాలంలోవే ఉంచాలి." ఆగిన ప్రతిచోటా నాకు నేనే ఊఁ కొట్టుకుంటూ చివరిదాకా రాశాను. ఆయన ఏమనుకున్నాడో పట్టించుకోలేదు.

గడియ తీసేసరికి అవ్వ మెట్టు మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

"దొంగల్ని పట్టే పని అంటివే. నన్నే దొంగని చేసి తలుపేస్తివి."

కాళ్లు పట్టుకున్నా సాయంత్రానికి గానీ మెత్తబడలేదు. తర్వాత పళని ప్రయాణంలో కొండ మెట్లెక్కుతుంటే ఫోనుకు మెయిల్ వచ్చింది, ఉద్యోగం ఇస్తున్నామని. ఆ కొండ మీదే చిన్నాన్నకు చెప్పేశాను, సీటు వేరేవాళ్లకు చూసుకోమని. నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

ఇప్పుడు అదే కంపెనీలో అప్పుడప్పుడు నేను అవతలివైపు కూర్చుని ప్రశ్నలడుగుతాను. మైకు మూసుకుని వినడం అక్కడి పద్ధతి. మొన్న పొల్లాచ్చి నుంచి ఒకమ్మాయి ఇంటర్వ్యూకి లైన్లోకి వచ్చింది. బాగా చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. జవాబు అందించకూడదు, నేను అందించను కూడా. మైకు తెరిచి "ఊఁ" అన్నాను.

ఆ అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది.