గాలి మనిషిని కూర్చోబెట్టిన బావ

మా బావ పోయినాడు. మా అప్ప భర్త. అప్పంటే మా అక్క. తెల్లారి నడకకి లేపడానికి రోజూలాగే వాళ్లింటి తలుపు కొట్టినాను. "లెగవయ్యా బావా, ఎండెక్కిపోతంది" అని అరిచినాను. మా అప్ప తలుపు తీసి, "లెగట్లేదురా" అంది. దానికేటి, ఆయన ఒక్క పిలుపుకి ఎప్పుడు లేచినాడు గనక! మంచం దగ్గరికెళ్లి దుప్పటి లాగి, చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది.

మీలో, మన రైల్వే ఊరి తెలుగువాళ్లలో, చాలామంది న్యూ సెటిల్‌మెంట్ గుడి మెట్ల మీద ఆయన్ని చూసే ఉంటారు. లావుపాటి మనిషి, నెమ్మదిగా నవ్వేవాడు, కూర్చుంటే ఇంక అక్కడే. వర్క్‌షాపులో ఇద్దరం ఒకే షెడ్డులో పని చేసినాం. రైలుబండి ఇరుసులకి నూనె పట్టించే పని ఆయనది. రిటైరైనాక మనుషుల మీద పడ్డాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు పల్లెలో ఆకువైద్యం చేసేవాడట. చిన్నప్పుడు ఆయన దగ్గర విన్నది మా బావ వదల్లేదు. అందరి వొంట్లోనూ వాతం, పిత్తం, కఫం ఉంటాయి, ఒక్కొక్కరిలో ఒకటి పైచెయ్యిగా ఉంటుంది, అదేదో తెలుసుకొని తిండీ నిద్రా దానికి తగ్గట్టు సర్దుకోవాలి అనేవాడు. జ్వరమని ఎవరైనా వస్తే మాత్రం, "నా దగ్గరకెందుకొచ్చినావు, ఆస్పత్రికి పో" అని తరిమేసేవాడు.

నాది వాతమన్నాడు.

"నీది గాలి వొల్లురా బామ్మర్దీ. కాల్లు సల్లగా ఉంటాయి, కీల్లు టకటకమంటాయి. ముద్ద నోట్లో ఉండగానే లెగిసిపోతావు."

"మరి నీదేటి?"

"నాది కఫం. మట్టీ నీరూ. ఎక్కడెట్టితే అక్కడుంటాను."

"బద్ధకానికి మంచి పేరే ఎట్టుకున్నావు."

"నీ తిక్కకి కూడా ఎట్టినాను కదరా!"

వంటింట్లోంచి మా అప్ప కేక వేసింది. "ఇద్దరికీ పనీపాటా నేదు. రండి, బియ్యంలో రాల్లు ఏరండి." బావ గొంతు తగ్గించి, "అది పిత్తం. నిప్పు. సూసి మాటాడు" అన్నాడు.

నేను ఫోర్‌మేన్ మాటే లెక్కచెయ్యని మనిషిని. గాలీ లేదు, గీలీ లేదు అన్నాను. కానీ కాళ్లు చల్లగా ఉండే మాట నిజం. రాత్రి కునుకు పట్టని మాటా నిజం.

ఇది రాస్తూ రాస్తూ లేచి గేటు దాకా వెళ్లొచ్చినాను. గేటు దగ్గర నాకు పనేమీ లేదు. అయినా వెళ్లినాను. ఆయనుంటే "ఎక్కడికిరా" అనేవాడు.

కఫం మనిషి పొద్దున్నే నడవాలని ఆయనే చెప్పేవాడు, ఆయనే లేచేవాడు కాదు. అందుకని లేపే పని నేను పెట్టుకున్నాను. ఝపటాపూర్ సందుల్లోంచి గుడి దాకా నేను ముందు, ఆయన వెనక. ఒకరోజు తిరిగి చూస్తే మనిషి లేడు. వెనక్కి పరిగెత్తినాను. మిఠాయి కొట్టులో బల్ల మీద దర్జాగా కూర్చొని ఉన్నాడు, చేతిలో రసగుల్లా దొన్నె.

"తీపి కఫానికి పడదన్నావు కదా!"

"పడదు. అందుకే ఒక్కటే తింటన్నాను."

కొట్టతను నవ్వాపుకోలేక, "ఝూట్, దాదా! ఇది మూడోది" అన్నాడు.

నన్నూ ఆయన ఊరుకోలేదు. నాకు సాయంత్రం మూడీ కావాలి. అదే, మరమరాలు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి మూడీ లేకుండా సాయంత్రం ఏటి? ఉత్తివే గుప్పెళ్లతో నోట్లో పోసుకుంటూ తిరిగేవాణ్ణి. అది చూస్తే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. "ఎండిపోయిన వొంటికి ఎండు తిండేటిరా? గాలికి గాలి మేపుతావా?" అని గిన్నె లాక్కొని, మీద వేడి ఘుగ్నీ పోయించేవాడు. మా అప్ప ఉడకబెట్టిన బఠానీ పులుసు. "ఇప్పుడు కూకోని తిను" అనేవాడు. మెతకబడిన మూడీ పట్టుకొని నడవలేం కదా, కూర్చునేవాణ్ణి.

తిన్నాక నూనె. కిటికీ పక్కన చెక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా తెచ్చి నేల మీద పెట్టేవాడు. "పాదాలకి రాసుకో. ఇంకేలోపు లెగిసినావంటే జారి పడతావు." అలా భయపెట్టి కూర్చోబెట్టేవాడు. ఆ కాసేపూ రైలు కూతలు వింటూ కూర్చునేవాళ్లం. నాకు రోజంతటిలో స్థిమితం అంటే అదే.

మా అప్పకి ధనియాలు నానేసిన నీళ్లు. వొంట్లో వేడి తగ్గుతుందని తనే వడగట్టి ఇచ్చేవాడు. అడక్కుండా ఆ గ్లాసు చేతికిచ్చినాడంటే ఏదో చేసొచ్చినాడని ఆవిడకి తెలిసిపోయేది. "ఏటి సేసినావు? ముందు అది సెప్పు, తరవాత తాగుతాను" అనేది.

"బాగుండడమంటే ఇంకోడిలాగ అయిపోవడం కాదురా" అన్నాడొకసారి. "నువ్వు గాలిగానే ఉండు. కాస్త తలుపు దగ్గరగా ఏసుకో, సాలు."

పెద్దకర్మ అయింది. చుట్టాలు ఎవరి రైలు వాళ్లు ఎక్కి వెళ్లిపోయినారు. కూతురు తనతో టాటానగర్ రమ్మంటే మా అప్ప వస్తానూ అనలేదు, రాననీ అనలేదు. అది నాకు నచ్చలేదు. పాలు పొంగి పొయ్యి మీద పోతే ఊరుకుంది. నేను చెప్పులతో వంటింట్లోకి వెళ్లినా ఊరుకుంది. పెట్టింది తింటుంది, పెట్టకపోతే అడగదు. పుట్టి బుద్ధెరిగిన కాడినుంచీ ఆవిడ తిట్లు తిని పెరిగినవాణ్ణి నేను. ఆవిడ అరవని ఇంట్లో నాకు ఊపిరాడలేదు. బావతోపాటు ఆవిడ కూడా వెళ్లిపోతుందేమోనని భయమేసింది. ఎవరికి చెప్పుకుంటాను? ఈ సంగతులు తెలిసినవాడు ఆయనొక్కడే.

నిన్న సాయంత్రం కొట్లో మూడీ పొట్లం కొని వాళ్లింటికి వెళ్లినాను. ఆవిడ మంచం మీద గోడకేసి చూస్తూ ఉంది. ఆవిడ ముందే పొట్లం విప్పి, ఉత్తి మూడీ గుప్పెళ్లతో తింటూ ఈ గోడనుంచి ఆ గోడకి తిరిగినాను. కావాలనే తిరిగినాను. నేలంతా మూడీ పోసినాను. ఆవిడ గోడమీంచి కళ్లు తిప్పలేదు. నాకే మూడీ అడ్డం పడి దగ్గొచ్చింది.

"ఒరే!"

ఆగిపోయినాను.

"ఎండు మూడీ తినొద్దని మీ బావ ఎన్నిసార్లు సెప్పినాడురా నీకు! బుద్ధుందేటి? గాలికి గాలి మేపుతావా? ఆ నేల ఎవుడు తుడుస్తాడు, నీ బాబా? కూకో!"

"మన బాబే కదే అప్పా" అన్నాను.

"కూకోమన్నానా!"

కూర్చున్నాను, బావ కూర్చోబెట్టే కుర్చీలోనే. ఆవిడ తిట్టుకుంటూనే లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినబడింది. ధనియాల నీళ్లు మాత్రం నేను ఇవ్వను. ఆ నిప్పు కొన్నాళ్లు అలాగే మండనీ.

నూనె గిన్నె తెచ్చి నా ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. రాసుకున్నాను. ఆ కుర్చీ ముందు ఎర్ర నేల మీద నల్లగా మరకలు, ఇన్నేళ్ల నూనె పట్టి ఇంకిపోయినవి. నా పాదాలు సరిగ్గా వాటి మీదే ఆనినాయి. ఎక్కడో బండి కూత వేసింది. నేను లేవలేదు.