గంటమ్మ మాట్లాడని రోజు

కాలేజీలో ఉపన్యాస సంఘం నడపడమంటే మైకు ముందు నిలబడి వెలిగిపోవడం అనుకునేవాళ్ళకి ఒక దండం. వక్తని బతిమాలి ఒప్పించాలి, హాలు తాళాలు పట్టుకు తిరిగే అటెండరు వెనకాల కాళ్ళరిగేలా తిరగాలి, క్యాంటీన్లో కబుర్లాడే కుర్రాళ్ళని తోలుకొచ్చి కుర్చీలు నింపాలి. ఇంత చాకిరీ చేశాక దక్కేదేమిటయ్యా అంటే, మొదట్లో పరిచయం నాలుగు ముక్కలు, చివర్లో ధన్యవాదాలు నాలుగు ముక్కలు!

గంటమ్మ డిగ్రీ రోజులన్నీ ఆ చాకిరీలోనే గడిచాయి. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. విద్యార్థుల పోటీల్లో టైము దాటగానే బల్ల మీది గంట ఠంగుమని కొట్టేది. ప్రాణస్నేహితురాలైనా సరే, మొహమాటం లేదు. ఒకసారి ఆ ఊపులో, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయనకీ కొట్టేసింది. ఆయన మాట మధ్యలో ఆపి, మొహం గంటు పెట్టుకుని, ఇచ్చిన టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ ఆమెకి బాగా తలంటారు. అప్పుడు తనే ఒక రూలు పెట్టింది. గంట విద్యార్థులకి, అతిథులకి చీటీ. ‘దయచేసి ముగించగలరు’ అని రాసి మెల్లగా ముందుకి జరపడం, అంతే. భలే మర్యాద అని అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ సంఘంలో ఒక మంచి ఆనవాయితీ ఉండేది. పదవి దిగిపోయే కార్యదర్శి ఆఖరి సభలో, అతిథి తర్వాత, తనకి నచ్చిన విషయం మీద మాట్లాడాలి. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళందరి చేతా మాట్లాడించిన మనిషికి అదొక్కటే సొంత అవకాశం. గంటమ్మ ఎంచుకున్న విషయం వాళ్ళ నాన్న.

నాన్న బస్సు కండక్టరు. మంచి మాటకారి. “లోపల బోలెడంత చోటుందండీ, ఇల్లు కట్టుకోవచ్చు, జరగండి జరగండి!” అంటూ విసుక్కునేవాళ్ళని కూడా నవ్వించి లోపలికి తోసేవాడు. ఆ గొంతు గురించే ఆమె మాట్లాడదలుచుకుంది. వంటింటి తలుపేసుకుని నెలరోజులుగా సాధన చేస్తుంటే, బయట నుంచి నాన్న ఒకటే గోల.

“ఏదీ, ఒక్క ముక్క వినిపించవే!”

“ఊహూ. సభకొచ్చి వినాల్సిందే.”

“అబ్బో! టికెట్టు కొట్టించుకుని రమ్మంటావా?”

సభ రోజున నాన్న ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ చూసుకుని వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన సంచీ, వెనక బెంచీలో కూర్చున్నాడు. బస్టాండు ఎదురుగానే. బండి కదిలే వేళకి వెళ్ళిపోవాలి. నాన్న వినాలి, అంతకన్నా ఆమెకి ఏమీ అక్కర్లేదు.

అతిథి ఒక రిటైరైన ఆఫీసరు. అన్నట్టు, ఆయన విషయం సమయపాలన. నవ్వకండి! ఆ మహానుభావుడు తన చిన్నతనంతో మొదలెట్టి, చదువు, ఉద్యోగం, బదిలీలు, ఒక్కటీ వదలకుండా ఊదరగొట్టాడు. గంటమ్మ చీటీ జరిపింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని దాన్ని పైకే చదివి, “సెక్రటరీ గారికి తొందరగా ఉన్నట్టుంది!” అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆయనకి ఇంకా హుషారొచ్చింది.

వెనక నాన్న లేచాడు. బస్టాండు వైపు చెయ్యి చూపించి, ఏం చెయ్యనన్నట్టు మొహం పెట్టి, తలుపు దాటి వెళ్ళాడు. గంట ఆమె చేతికిందే ఉంది. కొట్టు తల్లీ కొట్టు, ఆయన అలిగితే అలగనీ అని మనకే అరవాలనిపిస్తుంది. కొట్టలేదు. తను పెట్టిన రూలు తనే ఎలా దాటుతుంది?

ఆయన ముగించేసరికి జనం కుర్చీల్లోంచి లేస్తున్నారు. అటెండరు తాళాలు ఆడిస్తున్నాడు. వినాల్సిన మనిషే లేనప్పుడు ఇంకెవరి కోసం అనుకుంది గంటమ్మ. “సమయాభావం వల్ల నా ప్రసంగం విరమించుకుంటున్నాను” అంది. ఆ పూట అన్నిటికన్నా గట్టిగా మోగిన చప్పట్లు ఆ మాటకే. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం డ్యూటీ దిగొచ్చి నాన్న అడిగాడు. “ఎలా మాట్లాడావమ్మా?”

అంత ఆశగా అడుగుతున్న మనిషికి నిజం చెప్పబుద్ధి కాలేదు. “బాగానే మాట్లాడాను నాన్నా. చప్పట్లు కొట్టారు.”

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నా కూతురు కదా మరి!” అన్నాడు. ఏం మాట్లాడావని అడగలేదు. హమ్మయ్య అనుకుందామె.

తర్వాత బీమా ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆఫీసులో ఎవరి వీడ్కోలు సభైనా ఏర్పాట్లు గంటమ్మవే, అతిథి పరిచయం గంటమ్మదే. నాన్న మాత్రం డిపోలో దొరికినవాణ్ణల్లా పట్టుకుని కూతురి ఉపన్యాసం గురించి చెప్పేవాడు. విన్నప్పుడల్లా ఆమెకి ప్రాణం చివుక్కుమనేది. ఈసారి చెప్పేయాలి అనుకునేది. మళ్ళీ వాయిదా వేసేది.

నాన్న రిటైరైన రోజు డిపో ఆవరణలో షామియానా వేశారు. నాన్నతో ఏళ్ళతరబడి బండి నడిపిన డ్రైవరు టీ గ్లాసుతో ఆమె దగ్గరికొచ్చాడు.

“ఇవాళ నువ్వు మాట్లాడాలమ్మాయ్! ఆ రోజు నీ ఉపన్యాసం కోసం నా చేత ఎన్ని తిట్లు తినిపించాడో మీ నాన్న!”

“ఎందుకు బాబాయ్? టైముకి వెళ్ళిపోయాడుగా?”

“ఎక్కడమ్మా! బయటికొచ్చి ఆ హాలు కిటికీ దగ్గరే పాతుకుపోయాడు. కండక్టరు లేకుండా బండెలా తియ్యను? జనం నన్ను తిట్టిపోశారు. మీటింగంతా అయ్యాకే కదిలాడు. లేటుకి మెమో కూడా ఇచ్చారు.”

ఆమె మెడలో దండతో కూర్చున్న నాన్న పక్కకి వెళ్ళి నేల మీదే కూలబడింది.

“నాన్నా, ఆ రోజు నువ్వు కిటికీ దగ్గరున్నావా?”

నాన్న తలూపాడు.

“మరి నేను మాట్లాడానని అందరికీ ఎందుకు చెప్పుకున్నావు?”

“మాట్లాడానన్నావుగా. నా కూతురి మాట కాదని నేనెలా అంటాను?”

“ఒక్కసారైనా నన్ను నిలదీయొచ్చుగా నాన్నా!”

“నీ అంతట నువ్వే చెప్తావని చూశానమ్మా,” అన్నాడు నాన్న. “చాలా ఏళ్ళు చూశాను.”