దుల్హన్‌కు నేను చేసిన వైద్యం

చిటికెన వేలంత బంగారు చేప ఎంత బరువుంటుంది? పోలీసు యాక్షన్ నాటి నుంచి నేను మోస్తున్నది మాత్రం మౌలాలి గుట్టంత ఉంది. పైకి ఎవరికీ కనబడలేదు. మనిషిని కొంచెం లావు కదా, అందులో కలిసిపోయింది.

పేరు రాయను. రాస్తే నా ప్రాక్టీసు పోతుంది. అవును, నేను చేపల డాక్టరును. సీతాఫల్‌మండిలో ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. పద్మారావు నగర్ నుంచి పెద్ద పెద్ద ఆఫీసర్లు గాజు సీసాలు ఒళ్లో పెట్టుకుని, రిక్షా కుదుపుకి సగం నీళ్లు లాగు మీద పోసుకుని మరీ వస్తారు. చిన్న తొట్టికి ఏ చేప కొనాలని అడుగుతారు. పెళ్లికూతురి ముసుగులాంటి తోక, బానకడుపు ఉన్నదాన్ని తీసుకోవద్దంటాను. పొట్టి తోకది, సన్నటిది, వీపు మీది రెక్క నిక్కబొడుచుకుని ఈదేది మేలు. వల వేస్తే తప్పించుకుని ఉరికేదాన్ని పట్టుకోండి, దానికి ప్రాణం మీద తీపి ఉంది. వింటూ వాళ్లు నోరు తెరుస్తారు, తొట్టిలో చేపల్లాగే. ఈ విద్య ఎక్కడ నేర్చారని మాత్రం ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు. అయినా చెబుతున్నాను.

మా గోడకు గోడ ఖాలమ్మ ఇల్లు. భర్త పోయిన మనిషి. ఒక్కడే కొడుకు రషీద్, లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమె నవ్విందంటే వర్క్‌షాపు రేకుల మీది పావురాలు లేచి అల్వాల్ దాకా పోయేవి. నా జోకులకు ఆ రోజుల్లో నవ్వే మనిషి ప్రపంచం మొత్తం మీద ఆమె ఒక్కతే. నేను జోకు మొదలుపెడితే మా ఆవిడ పప్పు కడగడానికి లేచేది.

ఫౌజులు వచ్చాయి. రేడియో ఏదో చెప్పింది, గల్లీ మొత్తం తలుపులు వేసుకుంది. తలుపులు మళ్లీ తెరుచుకునేసరికి రషీద్ మనసు మారిపోయింది. కరాచీ పోదామన్నాడు. ఖాలమ్మ రానంది. సరిగ్గా అప్పుడే ఆమె పెంచుకునే బంగారు చేపకు జబ్బు చేసింది. దాని పేరు దుల్హన్, అంటే పెళ్లికూతురు. ఒంటి నిండా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"జబ్బుదాన్ని ఇడిసిపెట్టి రాను. అది సస్తే నీ ఎంబడి వస్త. బతికితే గీడనే ఉంట," అని కొడుక్కి తేల్చి చెప్పేసింది. మాటంటే మాటే. ఆమె సంగతి మాకందరికీ తెలుసు.

వైద్యానికి దుల్హన్‌ను నా చేతిలో పెట్టింది. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనే కదా! ఎక్కడో సంపాదించిన పుస్తకం తిరగేస్తే, ఇది చన్నీళ్ల చేప అని ఉంది. ఓహో, అనుకున్నాను. సైకిలు తొక్కుకుంటూ పోయి ఐసు గడ్డ తెచ్చాను. దాని మీది రంపపు పొట్టు కడిగి, తొట్టిలో దించాను. ఏ హకీమూ ఇంత శ్రద్ధ చూపించి ఉండడు. చన్నీళ్ల చేప అంటే నీళ్లు ప్రత్యేకంగా కాచనక్కర్లేని చేప అని, మామూలు నీళ్లే చాలని, ఈ తెల్లచుక్కల జబ్బుకు నిజానికి కాస్త గోరువెచ్చదనం, రవ్వంత రాళ్ల ఉప్పు మంచివని తర్వాతెప్పుడో తెలిసింది. దుల్హన్‌కు అంత తీరిక లేకపోయింది. నా కళ్ల ముందే పక్కకు ఒరిగింది.

అప్పుడు నేనేం చేయాలి? గోడ అవతలికి పోయి చెప్పాలి. చెబితే ఆమె వెళ్లిపోతుంది. నేను ఆలోచించింది ఆమె గురించా? రషీద్ గురించా? కాదు. ఇక నా జోకులకు ఎవరు నవ్వుతారని ఆలోచించాను. ఇంత చిన్న సంగతి, ఇంత పెద్ద పని చేయించింది.

స్టేషన్ దగ్గర ఒక హోటల్లో గాజు తొట్టి ఉండేది. యజమాని కాళ్లావేళ్లా పడి, దాని ముందు కూర్చుని ఎంచాను. అదే పొడవు, అదే ఎరుపు, ఎడమ రెక్క మీద అదే చిన్న నొక్కు. సాలార్‌జంగు వారు కూడా తమ వస్తువులను అంత పరీక్షగా ఎంచి ఉండరు. ఒక్కటే తేడా. దుల్హన్ తోక చివర నలుపుండేది. దీనికి లేదు.

దాన్ని దుల్హన్ తొట్టిలో వేసి, పట్టుకుని పోయాను. రషీద్ గడపలోనే ఆపాడు.

"భాయ్, నిజం జెప్పు. బతుకుతదా?"

"బతుకుడేంది, నీకన్న గట్టిగుంది," అన్నాను.

ఖాలమ్మ తొట్టిలోకి ముఖం పెట్టి చూసింది. "తోక నలుపు ఏడబాయెరా బేటా?"

"అది జబ్బు నలుపు ఖాలమ్మా. జబ్బుతోని అది సుత పోయింది."

"అట్లనా? అయితే నా నెత్తి నలుపు గూడ జబ్బేనేమో, ఎన్నడో పాయె!" అని నవ్వింది. పావురాలు లేచాయి. రషీద్ నవ్వలేదు.

అతనొక్కడే రైలెక్కాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు. ఫోటోలు వస్తాయి. ఖాలమ్మ వాటిని నా దగ్గరికే తెచ్చి, మనుమరాలి ముక్కు ఎవరి పోలికని అడుగుతుంది. ఆమెదేనని చెబుతాను. అది నిజమే. ఆ పిల్లను ఆమె ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు, అదీ నిజమే.

ఆమెకు ఉండాలనే ఉందేమో, చేప ఉత్త సాకేమోనని నాకు నేను సర్దిచెప్పుకోలేదా? చెప్పుకున్నాను. కానీ సాకు చచ్చిందని తెలిస్తే ఆమె లేచి మూట కట్టేది. మాట తప్పని మనిషి కోసం నేను దొంగ మాట తయారుచేశాను.

ఇంకో సంగతి, ఇది అన్నిటికన్నా సిగ్గుమాలినది. ఆ చేపను ఎంచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. పశ్చాత్తాపపడదామని కూర్చుంటాను, ఆ ఎడమ రెక్క నొక్కు గుర్తుకొస్తుంది, మీసం మీద చెయ్యి పడుతుంది. అంత మోసం అంత అందంగా సికింద్రాబాదులో ఇంకెవడు చేయగలడు? తల్లీ కొడుకులను విడదీసినవాడి గర్వం ఇది. దీనికి మందు నా దగ్గర లేదు.

ఇవ్వాళ కూడా ఖాలమ్మ ఎవరికో చెబుతోంది, గోడ అవతల నుంచి వినబడుతోంది, నా హస్తవాసి గురించి. లేచి పోయి చెప్పలేను. ఇక్కడ, మీ ముందు మాత్రం చెప్పగలను.

దుల్హన్ సచ్చిపోయింది ఖాలమ్మా. నేనే సంపిన.