పారకర్రలు మా కొట్టువే

రెడ్డియార్‌పాళయం మెయిన్ రోడ్డు మీద మాది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొళ్ళేలు, పైపులు, పారలు అమ్ముతాం. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, మిగతా పనంతా నాది. పక్క గదిలో బేకరీ ఉండేది. దాన్ని నడిపే ఆయనది పొరుగు దేశం. మీసాలు రాని వయసులో పాండిచ్చేరి వచ్చి, రొట్టెలు కాల్చడం నేర్చుకుని, ఇక్కడే తల నెరిసిపోయినవాడు. వీధిలో తమిళం, మాతో మా ఇంటి తెలుగు, మా యాసతో సహా. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు.

ఆ యేడు వాళ్ళ దేశం అట్టుడికింది. మొదట విద్యార్థులు రోడ్లెక్కారు, తర్వాత కాల్పులు, ఆపైన కర్ఫ్యూ. ఒకరోజు అక్కడి మంత్రి మైకుల ముందు నిలబడి, ఈ అల్లర్ల వెనుక భారతదేశం చెయ్యి ఉందన్నాడు. సాయంత్రానికి మన విదేశాంగ ప్రతినిధి జవాబిచ్చాడు. కొట్లో టీవీ ముందు నాయనా, నేనూ, బేకరీ ఆయనా ముగ్గురం విన్నాం. ఆరోపణలు నిరాధారమనీ, పూర్తిగా తోసిపుచ్చుతున్నామనీ, సొంత వైఫల్యాలకు ఇరుగుపొరుగును నిందించడం తగదనీ కాగితం చూసి చదివాడు. గొంతు ఎక్కడా పెంచలేదు.

"బాగా చెప్పినాడు," అన్నాడు నాయన.

"చెప్పినాడు పెద్దాయనా. మా మంత్రీ బాగానే చెప్పినాడు," అన్నాడు బేకరీ ఆయన, టీ గ్లాసు కింద పెడుతూ. "ఊర్లో మా తమ్ముడే ఫోను ఎత్తడంలే."

మర్నాడు అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. సరిహద్దు అవతల ఎక్కడో మన లారీ డ్రైవర్లను కిందికి లాగి కొడుతున్నారు. పడిపోయినవాడి నడుం మీద ఒకడు బండరాయి ఎత్తి వేస్తున్నాడు. మధ్యాహ్నానికి అది చూడనివాళ్ళు మా వీధిలో లేరు.

అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే అరుపులు వినిపించాయి. పెద్ద గుంపు. ముందు నడుస్తున్నవాడు ముదలియార్‌పేటలో టైల్స్ కొట్టు పెట్టుకున్నవాడు. మాలాగే తరాల కిందట ఇటు వచ్చిన తెలుగు కుటుంబం, నాయనను మామా అంటాడు. మా కొట్టు బయట డ్రమ్ములో అమ్మకానికి పారకర్రలు నిలబెట్టి ఉంటాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తలా ఒకటి లాక్కున్నారు.

"ఏంది రా ఇది? యాడికి పోతాండారు?" అని నాయన లేచాడు.

"నువ్వు లోపల కూచో మామా. ఇది నీ జోలి కాదు."

బేకరీ ఆయనను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. మోచేతుల దాకా పిండి ఉంది. మొదటి దెబ్బ నోటి మీద పడింది. పళ్ళు మెట్ల మీద రాలాయి. కొడుతున్నంతసేపూ బూతులు తిడుతూ, మధ్యమధ్య దేశానికి జై కొట్టారు. ఒకడు ఆయన కుడి చేతిని మెట్టు మీద తొక్కి పట్టాడు. టైల్స్ కొట్టువాడు కర్ర రెండు చేతులా ఎత్తి ఆ చేతిని దంచాడు. ఎముకలు విరిగిన చప్పుడు రోడ్డు అవతలికి వినిపించి ఉంటుంది.

"చచ్చిపోతాడు రా, వదలండి రా," అంటూ నాయన మధ్యలోకి పోయాడు. ఎవడిదో కర్ర ఆయన చెవి మీద దిగింది. తెల్ల చొక్కా భుజం ఎర్రబడింది.

పైపు ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో నాకు గుర్తులేదు. టైల్స్ కొట్టువాడి మణికట్టు మీద కొట్టాను. వాడు కర్ర వదిలేసి నా వైపు తిరిగాడు.

"మే, నన్నే కొడతావా?" అన్నాడు, నమ్మలేనట్టు.

మళ్ళీ కొట్టాను, మెడకీ భుజానికీ మధ్య. వాడు అక్కడే చతికిలబడ్డాడు. మూడో దెబ్బకు ఎత్తిన పైపును నాయన పట్టుకున్నాడు.

"పోదుం, పోదుం బిడ్డా. ఆయన్ని లోపలికి లాగు."

ముగ్గురం కొట్లో పడి షట్టర్ దించేశాం. బయటినుంచి రాళ్ళూ కర్రలూ పడుతుంటే రేకు లోపలికి సొట్టలు పడుతోంది. కాసేపటికి తీపి కమురు వాసన వచ్చింది. పక్కన బేకరీకి నిప్పుపెట్టారు, చక్కెర మాడుతోంది. ఆయన పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకున్నాడు. పగిలిన దవడతో ఏదో అంటున్నాడు. వంగి చెవి పెట్టాను.

"సిలిండర్లు అక్కా. నిండువి. వాళ్ళను పొమ్మను."

నాకు చెప్పబుద్ధి కాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వాళ్ళు అక్కడే ఉండాలని ఒక్క క్షణం గట్టిగా కోరుకున్నాను. ఆయన నా కాలు వదల్లేదు, ఎడమచేత్తో ఊపేస్తున్నాడు. షట్టర్‌కు నోరు ఆనించి గొంతు చీరుకుపోయేలా తమిళంలో అరిచాను, సిలిండర్లు పేలతాయి, పారిపోండని. పరుగుల చప్పుడు విన్నాం. మేమూ వెనక తలుపు గుండా ఆయనను ఈడ్చుకుని సందులోకి పోయాం. అప్పుడు పేలింది. రెండు కొట్లకూ మధ్య ఉన్న గోడ మా వైపే కూలింది. మేము కూర్చున్న చోట మనిషెత్తు ఇటుకలు పడ్డాయి.

గుంపులో ఎవరూ చావలేదు.

పోలీస్ స్టేషన్లో నా మీదా కేసు రాశారు. "వేరేవాళ్ళ గొడవలో మీరెందుకమ్మా తల దూర్చారు?" అని అడిగాడు అధికారి. మా పారకర్రలతోనే కొట్టారు సార్ అన్నాను. ఆయనకు అది జవాబులా అనిపించలేదు. సిలిండర్ల సంగతి గుంపుకు చెప్పమన్నది బేకరీ ఆయనేనని కూడా నా వాంగ్మూలంలో రాయించాను.

ఈలోగా మా వీధి సంగతి రెండు దేశాల దాకా పోయింది. తమ పౌరుడిపై పథకం ప్రకారం దాడి చేయించారని వాళ్ళు ప్రకటన ఇచ్చారు. ఇది స్థానికంగా జరిగిన విచారకరమైన ఘటన, చట్టం తన పని చేస్తుంది, దీనికి రంగు పులమడాన్ని తోసిపుచ్చుతున్నామని మనవాళ్ళు ఇచ్చారు. వారం తిరక్కుండా ఆసుపత్రికి వాళ్ళ రాయబార కార్యాలయం నుంచి ఒకాయన పళ్ళబుట్టతో వచ్చాడు. ఎవరో పంపిన మనుషులని మీకు అనిపించిందా అని నెమ్మదిగా, పదేపదే అడిగాడు. ఆయన వెళ్ళగానే మన అధికారి ఒకరు వచ్చారు. ఆ మనుషులతో పాత తగాదాలు ఏమైనా ఉన్నాయా, తాగిన గొడవ ఏమో గుర్తు తెచ్చుకోమన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. బేకరీ ఆయన ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ.

"ఎవరూ పంపలే. పాత తగాదా లేదు. నన్ను కొట్టినోళ్ళ పేర్లు తెలుసు, రాసుకోండి. ఒకాయన బిడ్డ పుట్టినరోజుకు కేకు నేనే చేసినా."

ఇద్దరికీ అది పనికొచ్చే మాట కాదు. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రమే ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. బతికే ఉన్నాడు. ఏమైందన్నా అని ఏడుస్తుంటే, ఓవెన్ పేలిందని చెప్పాడు ఈయన.

వానలు వెలిశాక రెండు దేశాల మంత్రులూ ఎక్కడో కలిశారు. అపోహలు తొలగాయన్నారు. నాయనకు దెబ్బ తగిలిన చెవి వినిపించదు కాబట్టి రెండో చెవి టీవీ వైపు తిప్పి కూర్చుని విన్నాడు. బేకరీ ఆయన వేళ్ళు ముడుచుకోవు. పిండి పిసకడానికి మనిషిని పెట్టుకుని ఇందిరా నగర్‌లో చిన్న గది తీసుకున్నాడు. మా వీధిలోకి మళ్ళీ రానన్నాడు, రాలేదు.

వాళ్ళ మీదా, నా మీదా కేసులు రెండూ నడుస్తున్నాయి. మొన్న వాయిదాకు కోర్టు వరండాలో నేనూ, బేకరీ ఆయనా, టైల్స్ కొట్టువాడూ ఒకే బల్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. వాడి భుజం ఒక పక్కకు వంగిపోయింది. బేకరీ ఆయన వైపు తిరిగాడు.

"ఆ పొద్దు మమ్మల్ని పొమ్మని ఎందుకు చెప్పించినావన్నా?"

ఆయన లేచి, ఎడమచేత్తో గోడ పట్టుకుంటూ పోయి, వరండా చివర ఎండలో నిలబడ్డాడు. నేనూ లేచి ఆయన వెనకే వెళ్ళాను.