మిల్లు గేటుకు పెట్టిన ఎర్ర డబ్బా

మొన్న శుక్రారం బాలయ్య బస్సు దిగిండు గనుక బతికిపోయిన. లేకుంటే ఇట్ల మీ ముందర కూసొని చాయ్ తాగెటోన్ని కాదు.

వనపర్తిల మా పల్లీల మిల్లు తెలుసు గద, నేను ఆడ సూపర్‌వైజర్ని. పోయిన నెల సేటు నన్ను హైదరాబాద్‌ల మూడు దినాల ట్రైనింగుకు తోలిండు. ఆడ ఒక సారు, "పనోళ్లు మిషన్లు కాదు, మనుషులు. వాళ్ల మనసుల ఏముందో తెలుసుకోండి" అన్నడు. నాకు శాన నచ్చింది. రాంగనే ఒక ఇనుప డబ్బా చేయించి, అందరికి కనవడాలని ఎర్ర రంగేయించి, మిల్లు గేటుకు బిగించిన. కూలోళ్లను పిలిచి, "ఏం చెప్పాలనుకున్నా రాసి ఇండ్ల ఏయండి. చదువు రాకుంటే రాయించి ఏయండి" అని చెప్పిన. పదిహేను దినాలదాంక తెరవొద్దని ట్రైనింగుల చెప్పిన్రు. తాళమేసి చెవి జేబుల పెట్టుకున్న. రోజు డబ్బాల కాయితాలు పడుతుంటే నాకు ఒకటే సంబురం.

పదో దినం చూస్తే కిష్టమ్మ దిగులుగ కూసున్నది. వీపనగండ్ల ఊరామె, మా దగ్గర పల్లీలు ఏరుతది. ట్రైనింగుల నేర్పినట్లే కుర్చేసి కూసోవెట్టి అడిగిన.

"ఏందమ్మా, కష్టమేమన్న ఉంటే డబ్బాల ఏయరాదు?"

"ఏసిన సార్. తొమ్మిది దినాలాయె, జవాబే లేదు."

"అన్నీ ఒక్కసారే చూస్తం. ఇంక అయిదు దినాలు ఓపిక పట్టు."

"అయిదు దినాలా? మరి బొంబాయికి ఎప్పుడు చేరుతది సార్?"

"బొంబాయికి ఎందుకు?"

"మా ఆయన ఆడనే పనిచేస్తుండు గద. మనుమడు పుట్టిండు, శుక్రారం తొట్టెల పండుగ, రమ్మని రాయించిన."

జప్పున గేటు కాడికి పోయిన. తాళం తీసి చూస్తే అన్నీ కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు. మిల్లోళ్లవే కాదు, చుట్టుపక్కల బజారోళ్లవి గూడ. రంగు చూసి అందరు పోస్టు డబ్బా అనుకున్నరు.

ఆ రోజు సోమవారం. కిష్టమ్మ ఉత్తరం మీద అడ్రస్సు పట్టుకొని, సైకిల్ మీద పోస్టాఫీసుకు ఉరికి ఆమె మొగడు బాలయ్యకు టెలిగ్రాం కొట్టిన. మిగిలిన ఉత్తరాలు పోస్టుమాస్టరు చేతుల పెట్టిన. ఆయన నన్ను కింది నుంచి మీది దాంక చూసి, ఉత్తరాల మీద ముద్రలు కొట్టవట్టిండు. కిష్టమ్మ తిట్టలే. "పోనీ సార్, కావాలని చేసిన్రా" అన్నది. తిట్టినా బాగుండు. నాలుగు దినాలు నాకు అన్నం దిగలే.

శుక్రారం పొద్దుగాల్నే వీపనగండ్లకు పోయి బస్సు కాడ నిలబడ్డ. రెండో బస్సుల బాలయ్య దిగిండు. చేతుల మనుమనికి గిలక్కాయ. నాకు పానం లేచొచ్చింది.

"టెలిగ్రాం అనంగనే ఎవరో పోయిన్రనుకున్న సార్. ఏడ్చుకుంట రైలెక్కిన. ఒకాయన చదివి చెప్పినంక గిలక కొన్న" అన్నడు.

ఇంకోటి చెప్పలే మీకు. ఆ డబ్బాల ఒక్క ఉత్తరం నా పేరు మీద గూడ ఉండె, స్టాంపు అంటించి మరీ. "సూపర్‌వైజర్ సారుకు దండాలు. పోస్టాఫీసు దూరమైతదని మిల్లు కాడనే పోస్టు డబ్బా పెట్టిచ్చిన్రు. మా బాధ మీరొక్కరే తెలుసుకున్నరు."

మూడు దినాల ట్రైనింగుకు నాకొచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.